తెల్ల చిట్టీ గుట్టు విప్పిన ఎక్స్‌డీబగ్

వెబ్ ప్రోగ్రాంలు పీహెచ్‌పీ భాషలో రాసేవాళ్ళకు ముందే చెప్పేస్తున్నా. ఇంకా మధ్యమధ్యలో విలువలను తెర మీద చూపించే ఎకో, వార్ డంప్ పెట్టుకుంటూ తప్పులు వెతుకుతున్నట్టయితే ఈ వారమే ఎక్స్‌డీబగ్ పెట్టుకోండి. పైసా ఖర్చు లేదు. ప్రోగ్రాంను మనం చెప్పిన లైను దగ్గర ఆపి లోపలేముందో చూపించే, డెరిక్ రెథన్స్ తయారుచేసిన పీహెచ్‌పీ ఎక్స్‌టెన్షన్ (అదనంగా తగిలించే భాగం) ఇది, 2002 నుంచి ఉంది. నేను పీహెచ్‌పీ రాయబట్టి ఎనిమిదేళ్ళయింది కానీ దీన్ని సరిగ్గా వాడటం నేర్చుకుంది మాత్రం పోయిన వానాకాలం వడ్ల సీజన్‌లో, అదీ తప్పనిసరై.

నాది మిర్యాలగూడ. రైస్ మిల్లులకు కాటా దగ్గర చిట్టీ కొట్టే ప్రోగ్రాం రాసి, దాని బాగోగులు చూసుకుంటాను. మా ఊరి సంగతి తెలిసినవాళ్ళకు చెప్పక్కర్లేదు, సాగర్ ఎడమ కాలువ కింద సన్న వడ్లు కోతకొచ్చాయంటే కోత మిషన్ దగ్గర నుంచి పచ్చి వడ్లు నేరుగా మిల్లుకే వస్తాయి, ట్రాక్టర్లు గేటు నుంచి మెయిన్ రోడ్డు దాకా వరుస కడతాయి. బండి కాటా ఎక్కుతుంది, నిండు తూకం తీస్తారు, వడ్లు దించాక ఖాళీ బండి తూకం, తేమ శాతం, రైతు పేరు, ఊరు, ఇవన్నీ చిట్టీ మీద పడాలి. చిట్టీ రాకపోతే బండి కదలదు. పచ్చి వడ్లు బండిలోనే ఉండిపోతే వేడెక్కి రంగు మారతాయి, అప్పుడు ధర తగ్గేది రైతుకే. అందుకే నా ప్రోగ్రాంలో తప్పొస్తే నాకు నిద్ర పట్టదు.

ఆ సీజన్‌లో ఒక మార్పు చేశాం. అప్పటిదాకా గుమాస్తా ఊరి పేర్లు ఇంగ్లిష్‌లో కొట్టేవాడు. రైతు చిట్టీ చేతిలోకి తీసుకుని తన పేరు, తన ఊరు తానే చదువుకోవాలని మిల్లు యజమాని అడిగితే తెలుగులోకి మార్చాను. మంచి పని. ఇంట్లో నాలుగు ఊళ్ళ పేర్లతో పరీక్ష చేశా, బాగానే వచ్చింది. మూడో రోజు సాయంత్రం గుమాస్తా ఫోన్.

"అన్నా, చిట్టీ తెల్లగ వస్తున్నది. ఒక బండికి వస్తది, ఒక బండికి రాదు. బండ్లు రోడ్డు మీదికి వచ్చినయ్, జర జల్ది చూడు."

ఎర్రర్ లాగ్ తీశా, ఒక్క లైను లేదు. సర్వర్ మాత్రం అంతా సవ్యంగా ఉందన్నట్టు 200 అనే సమాధానమే ఇస్తోంది, లోపల విషయం ఖాళీ. ఎకోలు పెట్టడం మొదలుపెట్టా. ఇక్కడే ఉంది చిక్కు, చిట్టీ పేజీ సర్వర్ నుంచి జేసన్ (ప్రోగ్రాంలు ఒకదానికొకటి సమాచారం పంపుకునే రాత పద్ధతి) తీసుకుంటుంది, నేను పెట్టిన ఎకో అక్షరాలు ఆ జేసన్‌లో కలిసిపోయి మంచిగా వచ్చే చిట్టీలు కూడా చెడిపోయాయి. ఒక తప్పు వెతకబోయి ఇంకోటి పుట్టించుకున్నా. రెండు రాత్రులు అలాగే గడిచాయి. అక్కడ గుమాస్తా చేత్తో చిట్టీలు రాస్తున్నాడు, రైతులు నిలబడి ఉన్నారు. ఆ టెన్షన్ చెప్పలేను.

నల్గొండలో ఎంసీఏ చదివే తమ్ముడు ఒకడున్నాడు, అప్పుడప్పుడు నా దగ్గర పని నేర్చుకుంటాడు. వాడే అడిగాడు, "అన్నా, ఎకోలు ఎందుకు, ఎక్స్‌డీబగ్ పెట్టి ఆ లైను దగ్గర ఆపి చూడొచ్చు కదా" అని. పేరు ఎప్పుడో విన్నా, పెట్టుకోవడం కష్టమని వదిలేసినదే.

పెట్టుకునే పద్ధతి గురించి కాస్త వివరంగా చెప్తా, ఎక్కువ మంది ఆగిపోయేది ఇక్కడే. నా కంప్యూటర్‌లో విండోస్ మీద జాంప్ (అపాచీ సర్వర్, పీహెచ్‌పీ కలిపి వచ్చే ప్యాకేజీ) ఉంది. ఎక్స్‌డీబగ్ సైట్‌లోనే ఒక విజార్డ్ ఉంటుంది, మన పీహెచ్‌పీ వివరాలన్నీ చూపించే పీహెచ్‌పీ ఇన్ఫో పేజీ మొత్తం కాపీ చేసి అందులో అతికిస్తే మన వెర్షన్‌కు ఏ ఫైలు కావాలో, ఎక్కడ పెట్టాలో అదే చెప్తుంది. ఊహించి ఏదో ఒకటి డౌన్‌లోడ్ చేయకండి, పీహెచ్‌పీ వెర్షన్, అది థ్రెడ్ సేఫ్ అనే రకం అవునా కాదా అన్నది రెండూ సరిపోకపోతే అది లోడే కాదు. తర్వాత పీహెచ్‌పీ ఐఎన్ఐ అనే సెట్టింగుల ఫైల్లో మూడు లైన్లు: జెండ్ ఎక్స్‌టెన్షన్ అని ఆ ఫైలు పేరు, మోడ్ దగ్గర డీబగ్, స్టార్ట్ విత్ రిక్వెస్ట్ దగ్గర యెస్. ఉత్త ఎక్స్‌టెన్షన్ అని రాస్తే పనిచేయదు, జెండ్ ఎక్స్‌టెన్షన్ అనే రాయాలి. అపాచీ ఆపి మళ్ళీ మొదలుపెట్టాలి. ఎడిటర్ వైపు విఎస్ కోడ్‌లో పీహెచ్‌పీ డీబగ్ అనే ఎక్స్‌టెన్షన్ చాలు.

నాకు ఒక పూట పోయింది పోర్టు నంబర్ దగ్గర, అంటే రెండు ప్రోగ్రాంలు కలుసుకునే గేటు నంబర్ దగ్గర. నా దగ్గరున్న పాత నోట్సులో 9000 అని ఉంది, రిమోట్ ఎనేబుల్ అనే సెట్టింగు ఉంది. అవన్నీ రెండో వెర్షన్ నాటివి. 2020 నవంబర్‌లో మూడో వెర్షన్ వచ్చినప్పుడు సెట్టింగుల పేర్లు మార్చేశారు, సర్వర్లలో పీహెచ్‌పీని నడిపే ఎఫ్‌పీఎం కూడా 9000 మీదే నడుస్తుంది కాబట్టి ఆ గొడవ లేకుండా పోర్టును 9003 చేశారు. నెట్‌లో పాత పాఠాలు ఇంకా బోలెడు ఉన్నాయి, 9000 అని కనిపిస్తే ఆ పేజీ మూసేయండి. ఇంకొక సంగతి, ఎడిటర్ వెళ్ళి పీహెచ్‌పీకి కనెక్ట్ అవుతుందని నేను అనుకున్నా. కాదు, ఎక్స్‌డీబగ్ తానే ఎడిటర్‌కు ఫోన్ చేసినట్టు కనెక్ట్ అవుతుంది, మన ఎడిటర్ ఆ ఫోన్ ఎత్తడానికి ముందే సిద్ధంగా ఉండాలి. ఇది అర్థమయ్యాక మిగతావన్నీ తేలికే. కలవకపోతే ఎక్స్‌డీబగ్ లాగ్ సెట్టింగులో ఒక ఫైలు పేరు ఇవ్వండి, ఏ అడ్రసుకు, ఏ పోర్టుకు ప్రయత్నించి విఫలమైందో అందులో స్పష్టంగా రాస్తుంది.

ఇక అసలు సంగతి. మిల్లు డేటా కాపీ నా కంప్యూటర్‌లోకి తెచ్చుకుని, చిట్టీ తయారయ్యే లైను పక్కన, ప్రోగ్రాం అక్కడ ఆగడానికి, ఎర్ర చుక్క (బ్రేక్‌పాయింట్) పెట్టా. వరసగా అన్ని బండ్లకూ ఆగితే ఎప్పటికి తేలుతుంది, కాబట్టి ఆ చుక్కకు షరతు పెట్టొచ్చని చూసి, ఊరు దామరచర్ల అయితేనే ఆగమన్నాను. చిట్టీ రాని బండ్లలో ఎక్కువ ఆ వైపువే. ప్రోగ్రాం ఆగింది. పక్కన ఉన్న వేరియబుల్స్ పట్టీలో ఊరి పేరు 'దామరచర్' దాకా కూడా లేదు, మధ్యలో తెగి చివర ప్రశ్నార్థకం ఉన్న నల్ల డైమండ్ గుర్తు ఉంది. ఒక్క అడుగు ముందుకు వేశా. జేసన్ తయారుచేసే జేసన్ ఎన్‌కోడ్ ఫంక్షన్ ఇచ్చిన ఫలితం ఫాల్స్, అంటే పని కాలేదని. అంతే. రెండు రాత్రులు దొరకనిది పది నిమిషాల్లో కళ్ళముందు కనిపించింది.

చిట్టీ మీద ఊరి పేరుకు 20 అక్షరాల చోటు ఇచ్చి, అంతకు మించితే సబ్‌స్ట్ర్ ఫంక్షన్‌తో కోసేవాణ్ణి. ఇంగ్లిష్‌లో ఏ ఊరికీ అంత పొడుగు లేదు, ఇబ్బంది రాలేదు. కానీ సబ్‌స్ట్ర్ లెక్కపెట్టేది అక్షరాలు కాదు, బైట్లు. అక్షరాలను కంప్యూటర్‌లో దాచే యూటీఎఫ్-8 పద్ధతిలో తెలుగు అక్షరానికి 3 బైట్లు, గుణింతం గుర్తుకు ఇంకో 3, పొల్లుకు 3. హాలియా అంటే హ, దీర్ఘం, ల, గుడి, య, దీర్ఘం, మొత్తం 18 బైట్లు, బయటపడింది. దామరచర్ల 24, నల్గొండ 21. ఇవి 20 దగ్గర తెగితే ఏడో గుర్తులో మూడో వంతు పోతుంది. అలా సగం తెగిన అక్షరాన్ని జేసన్ ఎన్‌కోడ్ ఒప్పుకోదు, ఫాల్స్ ఇస్తుంది, దాన్ని ఎకో చేస్తే ఖాళీ. హెచ్చరిక కూడా ఇవ్వదు, అందుకే లాగ్‌లో ఏమీ లేదు. నేను ఇంట్లో పరీక్షించిన నాలుగు ఊళ్ళూ పొట్టి పేర్లవే!

ముందు, బైట్లు కాకుండా గుర్తులు లెక్కపెట్టే ఎంబీ సబ్‌స్ట్ర్‌కు మార్చా. తెల్ల చిట్టీ పోయింది. కానీ తెలుగు వెడల్పుగా పడుతుంది కదా, చోటు చాలక ఏడుకు తగ్గిస్తే నిడమనూరు కాస్తా నిడమనూర అయింది, ఎందుకంటే అది కొమ్మును కూడా విడి గుర్తుగానే లెక్కపెడుతుంది. ఇంటల్ ఎక్స్‌టెన్షన్‌లో ఉండే గ్రాఫీమ్ సబ్‌స్ట్ర్ అయితే గుణింతాన్ని అక్షరం నుంచి విడదీయదు, తెలుగుతో పనిచేసేవాళ్ళు దాన్నే వాడాలి. చివరికి నేను కోయడమే మానేశా, పేరు పొడుగైతే రెండో వరుసలోకి దిగుతుంది. ఒక మనిషి ఊరి పేరును మనం ఎందుకు కోయాలి. దాంతోపాటు జేసన్ ఎన్‌కోడ్ వాడిన ప్రతి చోటా, తప్పొస్తే ఎక్సెప్షన్ విసరమని చెప్పే గుర్తు చేర్చా, పీహెచ్‌పీ 7.3 నుంచి ఆ వీలుంది. ఇప్పుడు తప్పొస్తే మౌనంగా ఉండదు, లాగ్‌లో పడుతుంది.

ఇది అన్నిటికీ మందు కాదు, అది కూడా చెప్పాలి. అదే సీజన్‌లో రెండు కాటాల దగ్గర ఒకే టోకెన్ నంబర్ రెండు బండ్లకు పడింది, ఇద్దరు డ్రైవర్లు గేటు దగ్గర గొడవపడ్డారు. ఎక్స్‌డీబగ్‌తో ఒక బండిని ఆపి లైను లైను చూశా, అంతా కరెక్టుగా ఉంది. ఉంటుంది మరి, ఆపి చూసేటప్పుడు రెండో బండి లేదు కదా. అక్కడ పనికొచ్చింది మామూలు లాగే, ప్రతి టోకెన్‌కు సమయం మైక్రోసెకన్లతో రాయించాక తెలిసింది, రెండు కంప్యూటర్లూ ఒకే క్షణంలో చివరి నంబర్ చదివి, రెండూ దానికి ఒకటి కలుపుతున్నాయని. అనుమానం వచ్చాక మాత్రం రుజువు చేయడానికి ఎక్స్‌డీబగ్ బాగా ఉపయోగపడింది, చదివిన లైను తర్వాత ఒకదాన్ని ఆపి ఉంచి, ఇంకో బ్రౌజర్ నుంచి రెండో బండిని పంపితే అదే నంబర్ మళ్ళీ వచ్చింది. టోకెన్ నంబర్‌కు డేటాబేస్‌లో యూనిక్ కీ (ఒకే నంబర్ రెండోసారి పడనివ్వని కట్టుబాటు) పెట్టి సరిచేశా, అది మొదటి రోజే పెట్టాల్సింది.

ఇంకో బ్రౌజర్ అని ఎందుకన్నానంటే, అదే బ్రౌజర్‌లో ఇంకో ట్యాబ్ తెరిస్తే అది కదలదు. ఆ బ్రౌజర్ వివరాలు దాచే సెషన్ ఫైలును మొదటి పేజీ తాళం వేసి పట్టుకుని ఉంటుంది, మనం దాన్ని ఆపి ఉంచినంతసేపూ రెండోది ఎదురుచూస్తూనే ఉంటుంది. కంప్యూటర్ హ్యాంగ్ అయిందని కంగారు పడకండి. అలాగే అపాచీకి బదులు ఎన్‌జిన్ఎక్స్ సర్వర్ వాడేవాళ్ళకు, ఆపి 60 సెకన్లు ఆలోచిస్తే బ్రౌజర్‌లో గడువు దాటిందనే 504 తప్పు వస్తుంది, ఎన్‌జిన్ఎక్స్ ఎదురుచూసే గడువు మామూలుగా అంతే ఉంటుంది. మీ సొంత కంప్యూటర్‌లో దాన్ని పెంచుకోండి.

ఏ ఫంక్షన్‌కు ఎంత సేపు పడుతుందో కొలిచే ప్రొఫైల్ మోడ్ కూడా ఒకసారి వాడా. సీజన్ మొత్తం రిపోర్టు తెరుచుకోవడానికి టీ తాగి వచ్చేంత సేపు పట్టేది. ఆ మోడ్ రాసిన ఫైలును క్యూ క్యాష్‌గ్రైండ్ అనే ప్రోగ్రాంలో తెరిస్తే రైతు వివరాలు తెచ్చే ఫంక్షన్‌ను బండికోసారి పిలుస్తున్నట్టు అంకెతో సహా కనిపించింది. అన్నీ ఒకేసారి వచ్చేలా ఒకే క్వెరీలో జాయిన్ పెట్టా, తీరిపోయింది.

అయిదుకు నాలుగున్నర ఇస్తా. అర మార్కు తగ్గించింది మొదటిసారి పెట్టుకునే కష్టానికి. షేర్డ్ హోస్టింగ్ (చాలామంది కలిసి అద్దెకు వాడుకునే సర్వర్) మీద మాత్రమే పనిచేసేవాళ్ళకు ఇది అక్కడ దొరక్కపోవచ్చు, నేను ముందు వాడిన ఒక హోస్టింగ్ వాళ్ళు ఎర్రర్ లాగ్ కూడా సరిగ్గా చూడనిచ్చేవాళ్ళు కాదు. ఫర్వాలేదు, దీని చోటు మీ కంప్యూటరే.

జనం వాడే లైవ్ సర్వర్ మీద దీన్ని పెట్టొద్దు, ఇది గట్టిగా చెప్తున్నా. వేగం తగ్గడం ఒక్కటే కాదు, డిస్కవర్ క్లయింట్ హోస్ట్ అనే సెట్టింగు ఆన్‌లో ఉండిపోతే బయటివాడెవడో మన ప్రోగ్రాంను తన ఎడిటర్‌కు కలుపుకుని మన సర్వర్ మీద తనకు నచ్చిన కోడ్ నడిపించగలడు. లైవ్‌లో ఉందో లేదో తెలుసుకోవడానికి కమాండ్ లైన్‌లో పీహెచ్‌పీ వెర్షన్ అడిగితే, ఉంటే ఎక్స్‌డీబగ్ పేరు చూపిస్తుంది. కానీ ఉబుంటులో కమాండ్ లైన్‌కు ఒక ఐఎన్ఐ ఫైలు, ఎఫ్‌పీఎంకు ఇంకోటి ఉంటాయి. అక్కడ కనిపించలేదని ఊరుకోకుండా, బ్రౌజర్‌లో పీహెచ్‌పీ ఇన్ఫో పేజీ తెరిచి కూడా చూడండి, చూశాక ఆ పేజీని తీసేయండి.