చంద్రగిరి దగ్గర మా ఇటుకల ఇల్లు: చాలా ఎండాకాలాలు చూశాక

తిరుపతి ఎండ గురించి ఇక్కడివాళ్లకు ఎవరూ చెప్పనక్కర్లేదు. బయట 40 డిగ్రీలు దాటిన మధ్యాహ్నాల్లో కూడా మా ఇంట్లో ఫ్యాను గాలితో సరిపోతుంది. ఏసీ ఒక్క పడకగదిలోనే ఉంది. మే నెల చివర్లో కొన్ని రాత్రులు తప్ప దానితో పని పడదు.

గోడలు ర్యాట్ ట్రాప్ పద్ధతిలో కట్టినవి. కేరళలో ఆర్కిటెక్టు లారీ బేకర్ ప్రచారంలోకి తెచ్చిన కట్టుబడి ఇది. ఇటుకను పడుకోబెట్టకుండా అంచు మీద నిలబెడతారు కాబట్టి తొమ్మిదంగుళాల గోడ లోపల ఖాళీ మిగులుతుంది. అందులోని గాలి వేడిని అంత తొందరగా లోపలికి రానివ్వదు. ఇటుకలు పావు వంతు దాకా ఆదా అవుతాయి. పైకప్పు ఫిల్లర్ స్లాబు: స్లాబు అడుగున పడే లాగుడును మోసేది కాంక్రీటు కాదు, ఇనుప కమ్ములే కనుక, వాటి నడుమ గళ్లలో మంగళూరు పెంకులు పేర్చి పైన కాంక్రీటు పోశారు. ఆ మేరకు కాంక్రీటు తగ్గింది.

నన్ను ఎక్కువగా కట్టిపడేసింది మాత్రం ఈ ఇంటి కొలతలు. కిటికీ అడుగు నేల నుంచి రెండడుగుల ఎత్తులోనే ఉంది. మంచం మీద పడుకున్న మా అమ్మకు వేపచెట్టూ, దాని వెనక కొండా కనిపిస్తాయి. ఆ చెట్టు కొట్టకుండా ఉండేందుకే పునాది గీతను పక్కకు జరిపించాం. వీధివైపు తిన్నె మనిషి కాళ్లు నేలకానే ఎత్తులో ఉంది, చూరు దాని మీదికి బాగా వంగి ఉంది. సాయంత్రమైతే పక్కింటి ఆడవాళ్లు పిలవకుండానే వచ్చి కూర్చుంటారు. చింతపండు గింజలు తీయడమూ, పిల్లల హోంవర్కూ అక్కడే. ఎత్తైన గాజు ముఖంతో కట్టిన ఇళ్ల ముందు అలా ఎవరైనా కూర్చోవడం నేను చూడలేదు.

ఏప్రిల్ చివరి నుంచి ఆగస్టు మధ్య దాకా మన ఊళ్లో మిట్టమధ్యాహ్నపు సూర్యుడు నడినెత్తికి కాస్త ఉత్తరంగా ఉంటాడు. అందుకే ఆ నెలల్లో దక్షిణపు గోడకు చూరు నీడే చాలు. అసలు బాధ పడమటి ఎండతో. ఆ వైపు మెట్లు, స్నానాలగది పెట్టాం. చంద్రగిరి రాజమహల్ లోపలికి మధ్యాహ్నం వెళ్లినవాళ్లకు మందపాటి గోడల చల్లదనం తెలిసే ఉంటుంది. రాయి, ఇటుక, సున్నంతో ఆ పాతకాలం వాళ్లు సాధించింది అది.

ఇబ్బందులూ ఉన్నాయి. అక్టోబరు నుంచి డిసెంబరు దాకా ఈశాన్యపు వాన జల్లు కొట్టే గోడల మీద, పూత లేని ఇటుకకు తెల్లగా ఉప్పు తేలింది. చివరికి ఆ రెండు వైపులా సున్నం గార చేయించాం. గోడ లోపల డొల్ల కాబట్టి బరువైన అల్మరా ఎక్కడ పడితే అక్కడ బిగించలేం. కరెంటు పైపులు ఎక్కడ పోవాలో ముందే గీసుకోవాలి. ఇంటి నడుమ పైకప్పు లేకుండా వదిలిన వాకిలి మీద ఇనుప జాలీ లేకపోతే కోతులు వంటింట్లోనే ఉంటాయి.

అన్నిటికన్నా ముఖ్యం మేస్త్రీ. అలవాటు లేనివాళ్లు గోడలోని ఖాళీని సిమెంటుతో పూడ్చేస్తారు. అప్పుడు ఖర్చు పెరుగుతుంది, చల్లదనమూ పోతుంది. మూలల్లో, తలుపుల పక్కన మాత్రమే నింపాలి. పని ఒప్పజెప్పే ముందు ఆయన కట్టిన గోడ ఒకటి చూసి రండి. వీలైతే మే నెల మధ్యాహ్నం వెళ్లి, పడమటి గోడను లోపలి నుంచి చెయ్యి పెట్టి చూడండి.