శ్రీకాళహస్తి కలంకారీ వాడలో ఒక పూట

శ్రీకాళహస్తికి వచ్చే యాత్రికుల్లో చాలామంది రాహుకేతు పూజ ముగియగానే తిరుగు బస్సు ఎక్కేస్తారు. మేమూ ఇంతకుముందు రెండుసార్లు అలాగే వెళ్లిపోయాము. ఈసారి మాత్రం మా అత్తయ్యగారు పట్టుబట్టడంతో, నూలుగుడ్డ మీద కలంతో బొమ్మలు గీసి రంగులద్దే కలంకారీ పనిని చూడడానికే తిరుపతి నుంచి బయలుదేరాము. దూరం సుమారు 40 కిలోమీటర్లు. ఆర్టీసీ బస్సులు తరచుగా ఉంటాయి కనుక కారు మాట్లాడుకోవలసిన పని లేదు.

ముందురోజు చంద్రగిరి కోటకు వెళ్లాము. కలప వాడకుండా రాయి, ఇటుక, సున్నంతో కట్టిన రాజమహల్‌లోనే పురావస్తు ప్రదర్శనశాల ఉంది. అక్కడి కంచు, రాతి విగ్రహాలకు రెండు గంటలైనా కేటాయించాలి. శుక్రవారం సెలవన్నది గుర్తుంచుకోవాలి. విగ్రహాలను చూస్తున్నంతసేపూ వాటిని మలచిన చేతుల గురించే అత్తయ్యగారు అడుగుతూ వచ్చారు. ఆమె అడిగినదానికి జవాబు మర్నాడు కలంకారీ వాడలో కొంత దొరికింది.

మేము వెళ్లిన ఇంట్లో ఒక పెద్దాయన చాప మీద కూర్చుని, కరక్కాయ పొడి కలిపిన గేదెపాలలో తడిపి ఎండబెట్టిన నూలుగుడ్డ మీద గీస్తున్నారు. కలం అంటే మొన తేల్చిన వెదురుపుల్ల. దాని నడుమ గుడ్డ చుట్టి దారంతో బిగిస్తారు. ఆ చుట్ట రంగును పీల్చుకుంటుంది, వేలితో కొద్దిగా నొక్కితే మొన దాకా దిగుతుంది. ఇనుప ముక్కలను బెల్లం నీళ్లలో రోజుల తరబడి పులియబెట్టి తీసిన ద్రావణంతో గీస్తారు, దాన్ని కసిమి అంటారు. గుడ్డను తాకినప్పుడు పలచగా కనిపించిన గీత, కరక్కాయలోని వగరుతో కలిసి మా కళ్ల ముందే నల్లబడింది. “పాలు పట్టించకపోతే గీత పాకిపోతుందమ్మా” అని ఆయన అత్తయ్యగారికి చెప్పారు. ఎరుపు రావలసిన చోట ముందు పటిక నీళ్లు పూసి, తరువాత రంగునీటిలో ఉడికిస్తారు. పటిక పడిన చోటే రంగు నిలుస్తుంది. పారే నీటిలో జాడించాలి కాబట్టే ఈ పనికి స్వర్ణముఖి ఒడ్డు అంత అవసరమైంది. నది ఎండిన నెలల్లో ఆ జాడింపు ఎంత కష్టమో ఆయన మాటల్లో తెలిసింది.

1950లలో, చేతిపనుల పునరుద్ధరణకు పాటుపడిన కమలాదేవి చటోపాధ్యాయ చొరవతో ఇక్కడ శిక్షణ మొదలు కాకపోయి ఉంటే ఈ పని ఇంతవరకు నిలిచేదా అన్నది నాకు అనుమానమే. ఈ ఊరి కళాకారుడు జె. గురప్ప చెట్టికి 2008లో పద్మశ్రీ వచ్చింది.

బస విషయానికొస్తే, గుడికి దగ్గరలో మేము దిగిన లాడ్జి గదులు శుభ్రంగానే ఉన్నాయి కానీ, తెల్లవారుజామున ఇస్తామన్న వేడినీళ్లు ఏడు దాటాకే వచ్చాయి. వృద్ధులు వెంట ఉంటే తిరుపతిలోనే ఉండి ఉదయాన్నే రావడం మేలు.

కొనే ముందు మాత్రం జాగ్రత్త అవసరం. దారిలోని ఒక దుకాణంలో అచ్చువేసిన గుడ్డనే చేతిపని అని మాకు చూపించారు. చేతితో గీసిన గీత ఒకచోట లావుగా, ఒకచోట సన్నగా ఉంటుంది. ఒకే బొమ్మ రెండుచోట్ల ఉంటే ఆ రెండూ అచ్చుగుద్దినట్లు ఉండవు. అత్తయ్యగారు ఆ పెద్దాయన దగ్గరే కల్పవృక్షం గీసిన గజం గుడ్డ ఒకటి తీసుకున్నారు, బేరమాడలేదు. ఉడికించడం, జాడించడం కూడా చూడాలనుకునేవారు అవి ఏ రోజున ఉన్నాయో ముందే కనుక్కుని వెళ్లాలి. మేము వెళ్లిన రోజున గీత పని ఒక్కటే జరుగుతోంది.