దియన్ బియన్ ఫూ విజయ మ్యూజియం: ముందు సైకిల్ దగ్గర ఆగండి

1954లో వియత్నాంలోని ఈ లోయలో వియత్ మిన్ (వియత్నాం స్వాతంత్ర్య పోరాట సేన) ఫ్రెంచి సైన్యాన్ని ఓడించిన యుద్ధానికి గుర్తు ఈ మ్యూజియం. లోపలికి వెళ్లగానే అందరూ ఆ యుద్ధాన్ని చూపే 132 మీటర్ల గుండ్రటి చిత్రం వైపు పరుగెడతారు. అది చివరికి ఉంచుకోండి. కొండల పేర్లు తెలియకుండా చూస్తే అంతా పొగ, మంటే.

మ్యూజియంలో అసలు చూడాల్సింది వియత్ మిన్ సేనకు సరుకులు మోసిన సైకిల్. హ్యాండిల్‌కు అడ్డంగా ఒక పొడవాటి వెదురు కర్ర, సీటు వెనక నిలువుగా మరొకటి కట్టారు. ఎక్కి తొక్కడానికి కాదు, పక్కన నడుస్తూ తొయ్యడానికి. ఒక్కోదాని మీద 200 కిలోలకు పైగా బియ్యం కొండలెక్కింది. లోయలో కూర్చున్న ఫ్రెంచివాళ్లకేమో విమానాలే దిక్కు. వియత్ మిన్ చుట్టూ కొండల్లో తవ్వి దాచిన 105 ఎం.ఎం. ఫిరంగులు 1954 మార్చి 13న మొదలుపెట్టి రన్‌వేను కొట్టేసరికి, ఆ నెలాఖరుకే విమానాలు దిగడం ఆగిపోయింది. ఆ తర్వాత పారాచూట్లే. చుట్టుముట్టిన కందకాలు దగ్గరయ్యేకొద్దీ వాటిలోనూ చాలా వియత్ మిన్ చేతుల్లోనే పడ్డాయి.

ఇది అర్థమయ్యాక దగ్గర్లోని ఏ1 కొండకు నడవండి, అది ఫ్రెంచివాళ్ల స్థావరాల్లో ఒకటి. వియత్ మిన్ సొరంగం తవ్వి, దాదాపు టన్ను పేలుడు పదార్థం కూరి మే 6 రాత్రి పేల్చిన గొయ్యి ఇప్పటికీ ఉంది. మర్నాడే ఫ్రెంచివాళ్ల లొంగుబాటు. మెట్లెక్కాలి కాబట్టి ఎండ ముదరకముందే వెళ్లాలి.

ఫ్రెంచి సేనాధిపతి జనరల్ ద కాస్త్రీ బంకర్ నది అవతల ఉంది. పది నిమిషాలు చాలు.

హనోయి నుంచి విమానంలో గంట, బస్సులో ఒక రాత్రి. ఒక పూటలో చుట్టేద్దామంటే కుదరదు, రోజంతా పెట్టుకోండి.