సున్నపు తేటా, టూ పార్టా, నీళ్లు మార్చడమా: చెన్నైలో రీఫ్ ట్యాంకుకు ఏది మేలు?

రీఫ్ ట్యాంకులో, అంటే పగడాలు పెంచే ఉప్పునీటి అక్వేరియంలో, మెత్తటి పగడాలు మాత్రమే పెంచుతుంటే వారానికోసారి 10 శాతం నీళ్లు మార్చండి చాలు, డోసింగ్ (తగ్గిన ఖనిజాలను విడిగా పోయడం) జోలికి పోనక్కర్లేదు. చిక్కంతా గట్టి పగడాలు పెరగడం మొదలయ్యాకే. అవి కాల్షియం, ఆల్కలినిటీ (ముఖ్యంగా నీళ్లలోని బైకార్బొనేట్, కార్బొనేట్; డీకేహెచ్‌లలో కొలుస్తారు) రెండూ లాగేస్తాయి, కానీ ఆల్కలినిటీ 2.8 డీకేహెచ్ పడిపోయేసరికి కాల్షియం 20 పీపీఎమ్మే (పది లక్షల్లో 20 పాళ్లే) తగ్గుతుంది. మామూలుగా ఉండే 420లో 20 ఎవరికి కనిపిస్తుంది? అందుకే ఒక్క టెస్ట్ కిట్టే కొనగలిగితే ఆల్కలినిటీదే కొనండి.

నీళ్లు మార్చి పూడ్చలేమా అంటారా? ట్యాంకు ఆల్కలినిటీ 8 నుంచి 7కు దిగింది, 8 ఉన్న కొత్త ఉప్పునీళ్లు 10 శాతం పోశారు, వచ్చేది 7.1. అంతే.

సున్నపు తేట (కాల్షియం హైడ్రాక్సైడ్ కలిపి తేర్చిన నీళ్లు), అదే కాల్క్‌వాసర్, నాకు బాగా ఇష్టం. చౌక, కాల్షియం, ఆల్కలినిటీ రెండింటినీ సరైన పాళ్లలో ఇస్తుంది, పైగా ఏసీ కోసం తలుపులు మూసేసిన గదిలో కార్బన్ డయాక్సైడ్ పేరుకుని పీహెచ్ దిగిపోతుంది కదా, దాన్నీ పైకి తెస్తుంది. 100 లీటర్ల ట్యాంకులో రోజుకు లీటరు ఆవిరైతే, ఆ లీటరు బదులు తేరిన సున్నపు నీళ్లు పోస్తే దాదాపు 1 డీకేహెచ్ తిరిగొస్తుంది. కానీ ఎంత ఆవిరైతే అంతే పోయగలం. మే నెలలో ఫ్యాన్ పెట్టి ట్యాంకును చల్లబరుస్తుంటే బోలెడు చోటు దొరుకుతుంది, నవంబరు వానల్లో గాలంతా చెమ్మగా ఉండి నీళ్లు సరిగా ఆవిరే కావు, పగడాలకు కావలసింది మాత్రం తగ్గదు. దాని పీహెచ్ 12 పైనే కాబట్టి రాత్రిపూట చుక్కచుక్కగానే పడాలి. కిళ్లీ సున్నం వద్దు, అందులో ఇంకేం కలిసిందో తెలీదు.

టూ పార్ట్‌కు వానాకాలం బెడద లేదు: కాల్షియం క్లోరైడ్ ఒక సీసా, సోడియం కార్బొనేట్ ఇంకో సీసా, ఎంత తగ్గితే అంత పోయొచ్చు. రెండూ ఒకేచోట ఒకేసారి పోస్తే తెల్లగా విరిగిపోతాయి, ఒకటి పోసి కాసేపాగి రెండోది పోయండి. ఉప్పు మిగులుతుంది కాబట్టి లవణీయత (నీళ్లలో ఉప్పు పాలు) వెయ్యికి 35 దాటకుండా చూస్తుండాలి. గట్టి పగడాలు నిండుగా ఉన్న ట్యాంకుకు నా ఓటు దీనికే, వేసవిలో తోడుగా సున్నపు తేట. మెగ్నీషియం 1300 పీపీఎం దగ్గర లేకపోతే మాత్రం రెండూ వృథా, పోసిందంతా హీటరు మీద, పంపు మీద గార కడుతుంది.

అయొడిన్, ఐరన్ లాంటి సూక్ష్మ మూలకాల సీసాలు ఐసీపీ రిపోర్టు (నీళ్లలో ఏ మూలకం ఎంతుందో చెప్పే ల్యాబు పరీక్ష) లేకుండా దయచేసి వాడకండి. సముద్రపు నీళ్లలో అయొడిన్ ఉండేదే 0.06 పీపీఎం, చుక్క ఎక్కువైనా హద్దు దాటిపోతుంది. వీటికి మళ్లీ నీళ్లు మార్చడమే మేలు, మంచి రీఫ్ ఉప్పులో అవన్నీ ఉంటాయి. ఆ ఉప్పును ట్యాంకర్ నీళ్లలో కాదు, ఆర్ఓ డీఐ నీళ్లలోనే (కరిగిన లవణాలు తీసేసిన శుద్ధమైన నీళ్లు) కలపండి.