నా నామినేషన్ కాగితాలు చేసిపెట్టిన ఆర్మూర్ డీటీపీ సెంటర్

2019లో నిజామాబాద్ పార్లమెంటుకు పోటీ చేసిన 185 మందిలో నేనొకణ్ణి. అందులో 178 మంది ఇండిపెండెంట్లు, దాదాపు అందరూ నాలాంటి పసుపు, ఎర్రజొన్న రైతులే. ఓడిపోయాను, డిపాజిట్ కూడా పోయింది. ఇప్పుడు రాస్తున్నది ఆ ఎన్నికకు నా కాగితాలన్నీ చేసిపెట్టిన ఆర్మూర్ డీటీపీ సెంటర్ గురించి. ఏ ఎన్నిక వచ్చినా ఊర్లో ఎవరో ఒకరు "నామినేషన్ యాడ రాయించినవే?" అని నన్నే అడుగుతారు. ఒక్కొక్కరికి చెప్పే బదులు రాసిపెడితే మేలనిపించింది.

నాకు నాలుగెకరాలు, అందులో మూడెకరాలు పసుపు. జూన్‌లో పెట్టిన పసుపును తవ్వి, ఉడకబెట్టి, ఎండబెట్టి, పాలిష్ పట్టించి యార్డుకు తోలేసరికి తొమ్మిది నెలలు దాటుతుంది. ఆ ఏడు నా కాడికి క్వింటాలుకు ఆరు వేలు కూడా పడలేదు. మేము అడిగింది పసుపుకు 15,000, ఎర్రజొన్నకు 3,500, దాంతోపాటు పసుపు బోర్డు. ఫిబ్రవరిలో మామిడిపల్లి చౌరస్తాలో రోడ్డు మీద కూర్చున్నా ధర రాలేదు. అప్పుడు పుట్టిన ఆలోచనే ఈ నామినేషన్లు. మా ఊరి నుంచి నలుగురం వేయాలని రచ్చకట్ట దగ్గర అనుకున్నాం. డిపాజిట్ 25,000లో సగం ఊరు చందా వేసి ఇచ్చింది, సగం నా పసుపు పైసలు.

దుకాణం చిన్నది. ఒక కంప్యూటర్, రెండు జిరాక్స్ మిషన్లు, ఫోటోల కోసం గోడకు కట్టిన తెల్ల గుడ్డ. అన్నదమ్ములిద్దరు నడుపుతారు. మొదట వేరే ఒక చోట అడిగితే సెట్టుకు రెండు వేలన్నారు, కాగితం అటూ ఇటూ తిప్పి కూడా చూడలేదు. ఇక్కడ టైపింగ్, జిరాక్స్, ఫోటోలు అన్నీ కలిపి 650 తీసుకున్నారు. నోటరీ ఖర్చు వేరు.

డబ్బు సంగతి పక్కన పెడితే, వాళ్లు పని చేసిన తీరు చెప్పాలి. నామినేషన్ ఫారం అయితే త్వరగానే అయిపోయింది. పెద్ద పార్టీ అభ్యర్థికి ఒక్కరు ప్రతిపాదిస్తే చాలు, మాకు పదిమంది ఓటర్లు కావాలి. ఆ పదిమంది ఓటరు లిస్టు నంబర్లను పెద్దబ్బాయి ఒక్కొక్కటీ లిస్టులో చూసి సరిపోల్చాడు. ఇద్దరివి తప్పున్నాయి, నేను ఫోన్లో అడిగి రాసుకున్నవే. అవి అలాగే పోయి ఉంటే పరిశీలన రోజు ఏమయ్యేదో.

అసలు సమయం పట్టింది ఆస్తులు, అప్పులు, చదువు, కేసులు ప్రమాణం చేసి చెప్పే ఫారం 26 అఫిడవిట్‌కు. ఆ ఫిబ్రవరి చివర్లోనే ఫారం మారింది, భార్యాభర్తల ఇద్దరి ఐదేళ్ల ఆదాయపు పన్ను వివరాలు అడిగారు. నేను పన్ను కట్టే మనిషిని కాదు కదా, ఖాళీగా వదిలేద్దామన్నాను. "కాకా, ఒక్క గడి ఖాళీ ఉండొద్దు. లేకుంటే లేదని రాయాలె" అన్నాడు పెద్దబ్బాయి. ఆ మాట నిజమే, ఖాళీలుంటే నామినేషన్ తిరగ్గొట్టవచ్చు. చదువు దగ్గర పదో తరగతి ఫెయిల్ అని చెప్పడానికి కొంచెం ఆగాను. అతను తల కూడా ఎత్తకుండా, తొమ్మిది పాసైన బడి పేరు, సంవత్సరం అడిగి టైపు చేశాడు. అప్పుల దగ్గర పంట రుణం చెప్పి ఊరుకుంటే, బోరు కోసం బయట తెచ్చినదీ రాయించాడు. బంగారం తూకం కోసం ఇంటికి ఫోన్ చేస్తే మా ఆవిడ "పుస్తెలతాడు గూడ రాయాల్నా?" అని అడిగింది. రాయాలి. రాశాం.

తర్వాత కేసుల పేజీ వచ్చింది. "ఏమన్నా ఉన్నయా కాకా?" అంటే లేవన్నాను. "రాస్తారోకోకు పోయినవ్ కదా?" అన్నాడు. నాకు గుండె ఝల్లుమంది. ఎవరి మీద కేసు పెట్టారో, అందులో నా పేరుందో లేదో నాకు తెలియదు. అతను టైపింగ్ అక్కడే ఆపేసి, స్టేషన్‌కు పోయి కనుక్కొని రమ్మన్నాడు. కేసు ఉంటే పేపర్లో, టీవీలో మూడుసార్లు ప్రకటన వేసుకోవాలని కూడా చెప్పాడు. పోయి అడిగాను, నా పేరు లేదు. తిరిగొచ్చేసరికి ఇంకో ఇద్దరి పని చేస్తున్నాడు కానీ నా ఫైలు మూయకుండా ఉంచాడు. బయట లైను ఉన్నా విసుక్కోలేదు. ఈ ఒక్క పని చాలు వాళ్లను నమ్మడానికి. మార్చి 25 ఆఖరి రోజు, కలెక్టరేట్‌లో లైను చూసి నాకు చెమట పట్టింది కానీ చేతిలో కాగితాల గురించి మాత్రం టెన్షన్ లేదు. మరుసటి రోజు పరిశీలనలో నిలిచాయి.

కరపత్రాల పని మాత్రం అంత బాగా లేదు. రెండు వేల కరపత్రాలు కావాలన్నాను. తాము టైపు చేసి ప్రింటింగ్ బయట ఇస్తారని ముందు చెప్పలేదు. నాలుగు రోజులన్నది తొమ్మిది రోజులైంది. ఏప్రిల్ 11న పోలింగ్ అయితే, కట్టలు నా చేతికొచ్చింది 6న. మా నియోజకవర్గంలో ఏడు అసెంబ్లీ సెగ్మెంట్లు. నేను బండి మీద తిరగగలిగింది ఆర్మూర్, వేల్పూర్, మోర్తాడ్ మండలాల్లో కొన్ని ఊర్లే. కోరుట్ల, జగిత్యాల వైపు అడుగే పెట్టలేదు. ఆ ఐదు రోజులు ముందే దొరికి ఉంటే ఇంకో పాతిక ఊర్లు చూసేవాణ్ణి. గెలిచేవాణ్ణని కాదు, మా ధర మాట ఇంకా కొన్ని గడపలకు చేరేది. దీనికి మాత్రం వాళ్లను తప్పు పడుతున్నాను.

అయినా కరపత్రం అడుగున ప్రింటరు పేరు, చిరునామా, నా పేరు తప్పకుండా ఉండేలా చూశారు. అవి లేకపోతే జైలు దాకా పోతుంది. ఇద్దరు సాక్షులతో డిక్లరేషన్ కూడా రాయించారు. నమూనా బ్యాలెట్ తెల్ల కాగితం మీద వేయొద్దని, పసుపు, బూడిద, గోధుమ రంగుల్లో వేసుకోవచ్చని చిన్నబ్బాయి చెప్పాడు. నాకు పసుపు రంగు కాగితమే కావాలన్నాను. మొత్తం 12 బ్యాలెట్ యూనిట్లు పెట్టిన ఎన్నిక అది. "ఆరో మిషన్, నాలుగో బటన్" అని పెద్ద అక్షరాలతో వేసిన ఆ పసుపు కాగితం లేకుంటే మా ఊరి ముసలమ్మలు నా పేరు వెతకలేకపోయేవారు.

మే 23న ఫలితాలొచ్చాయి. బీజేపీ అభ్యర్థి ధర్మపురి అర్వింద్ 70 వేల పైచిలుకు ఓట్ల తేడాతో గెలిచారు, అప్పటి ఎంపీ కవిత ఓడిపోయారు. చెల్లిన ఓట్లలో ఆరో వంతు రాలేదు కాబట్టి మా 25,000 వెనక్కి రాలేదు. మనసు బాగాలేక రెండు వారాలు ఇల్లు కదల్లేదు. అప్పుడు దుకాణం నుంచే ఫోన్ వచ్చింది: "కాకా, లెక్కలు ఇయ్యలేదు కదా? 30 రోజులల్ల ఇయ్యాలె." ఖర్చు లెక్క ఇవ్వకపోతే మూడేళ్ల దాకా పోటీకి పనికిరాకుండా చేయవచ్చు. తెల్ల, గులాబీ, పసుపు పేజీల రిజిస్టరు, పెట్రోలు బిల్లులు తీసుకుపోతే కూర్చోబెట్టి కూడిక వేసి, సారాంశం టైపు చేసి ఇచ్చారు. 80 రూపాయలు తీసుకున్నారు. ఓడినవాడి దగ్గరకు ఎవరూ రాని రోజుల్లో వచ్చిన ఫోన్ అది. నేను మరిచిపోను.

2025 జనవరి 14న నిజామాబాద్‌లో పసుపు బోర్డు మొదలైన రోజు ఆర్మూర్‌లో పనిబడి ఆ దుకాణానికి పోయాను. ఇప్పుడు కంప్యూటర్లు రెండయ్యాయి, కలర్ ప్రింటర్ వచ్చింది, కూర్చోవడానికి బెంచీ కూడా వేశారు. ఆడవాళ్లకు ఆ రోజుల్లో నిలబడటమే ఉండేది.

నామినేషన్ పని ఉన్నవాళ్లు ఆఖరి రోజు కాకుండా మూడు రోజుల ముందే పోండి. పాసుపుస్తకం, బ్యాంకు అప్పు కాగితాలు, బంగారం తూకం చీటీ, పదిమంది ఓటరు కార్డుల జిరాక్స్‌లు వెంట తీసుకుపోండి. కరపత్రాలు మాత్రం నేరుగా ప్రెస్‌లోనే ఇచ్చుకోండి.