పూలు రాలాక ఫెలనాప్సిస్ ఆర్కిడ్: హైదరాబాద్ ఫ్లాట్‌లో కొన్నేళ్లు పెంచాక నా రివ్యూ

నర్సరీలో ఆర్కిడ్ కావాలంటే ఎక్కువసార్లు చేతిలో పెట్టేది ఫెలనాప్సిసే. వెడల్పాటి మందమైన ఆకులు, వంగిన పొడవాటి కాడ, దాని మీద వరసగా తెల్లవో గులాబీరంగువో పూలు. రెండు మూడు నెలలు నిలిచే ఆ పూల గురించి నేను చెప్పేదేమీ లేదు, అవి అందంగానే ఉంటాయి. అవన్నీ రాలిపోయి నాలుగైదు ఆకులూ ఒట్టి కాడా మిగిలినప్పుడు, ఇక దీని పని అయిపోయిందని చాలామంది కుండీతో సహా పారేస్తారు. అది చూస్తే ప్రాణం ఉసూరుమంటుంది. మా తూర్పు కిటికీ దగ్గర ఒకే మొక్క ఏటేటా మళ్లీ పూస్తోంది, కొన్న రోజుకంటే ఇప్పుడు ఆకులు పెద్దవి కూడా. కాబట్టి ధైర్యంగా చెబుతున్నా, ఈ మొక్కకి పెట్టిన డబ్బు పూలు రాలాకే గిట్టుబాటు అవుతుంది.

ముందు కాడ సంగతి. అది ఎండి గోధుమరంగులోకి మారితే మొదలుదాకా కోసేయాలి, ఆలోచించే పని లేదు. పచ్చగానే ఉంటే కింది నుంచి రెండో కణుపో మూడో కణుపో చూసుకుని దానికి కాస్త పైన కోస్తే పక్కనుంచి కొత్త కొమ్మ వచ్చి మళ్లీ పూయొచ్చు, కాకపోతే పూలు తక్కువ, చిన్నవి. ఆకులు బలంగా ఉన్న మొక్కకి ఇది చేయొచ్చు. రెండు మూడు ఆకులే ఉండి, అవి కూడా ముడతలు పడి ఉంటే మాత్రం పచ్చి కాడైనా సరే మొదలుకి కోసేయండి, అప్పుడు దాని బలమంతా ఆకులకీ వేర్లకీ పోతుంది. బ్లేడుని ముందు గ్యాస్ మంట మీద కాల్చాలి, ఎందుకంటే ఆర్కిడ్లలో వైరస్‌లు ఒక మొక్క నుంచి ఇంకో దానికి పాకేది ఎక్కువగా కత్తెరల ద్వారానే. కోసిన చోట దాల్చినచెక్క పొడి కొంచెం అద్దితే చాలు, వేర్ల మీద మాత్రం పడనివ్వకండి, వాటిని ఎండబెట్టేస్తుంది.

రెండోది, నా లెక్కలో అన్నిటికంటే ముఖ్యమైనది, కుండీ లోపల ఏముందో చూడటం. కొన్న మొక్క వేర్ల మధ్యలో తరచుగా స్ఫాగ్నమ్ మాస్ (నీళ్లు పీల్చుకునే ఒక రకం నాచు) ముద్ద ఒకటి గట్టిగా కూరి ఉంటుంది. చిన్న మొక్కగా ఉన్నప్పుడు పెట్టింది అలాగే ఉండిపోతుంది. పైన అంతా ఆరినట్టు కనిపిస్తుంది, లోపల అది రోజుల తరబడి తడిగా ఉండి వేర్లని కుళ్లబెడుతుంది. పూలు అయిపోయిన వెంటనే మొక్కని బయటికి తీసి ఆ ముద్దని నెమ్మదిగా విడదీసేయాలి, నొక్కితే మెత్తగా బోలుగా ఉన్న వేర్లని కోసేయాలి, గట్టిగా ఉన్నవాటిని ముట్టుకోకూడదు. గాల్లోకి వచ్చిన వేర్లని కూడా కోయొద్దు, ఆగ్నేయాసియా అడవుల్లో ఇది చెట్ల మానుల్ని పట్టుకుని పెరిగే మొక్క, దాని వేర్లకి గాలి కావాలి.

కొత్తగా దేనిలో నాటాలి అంటే, నేను వాడిన వాటిలో పైన్ బెరడు ముక్కలకీ కట్టెబొగ్గుకీ సాటి లేదు. కొబ్బరి డొక్క ముక్కలు చవక, దొరకడం తేలిక, కానీ వాటిలో ఉప్పు ఉంటుంది కాబట్టి నీళ్లు మార్చుతూ బాగా నానబెట్టాలి, పైగా మన వర్షాకాలంలో తడి త్వరగా వదలవు. ఆర్కిడ్ మిక్స్ అని ప్యాకెట్లో వచ్చేదాంట్లో పొడి ఎక్కువ కనిపిస్తే జల్లెడ పట్టాకే వాడండి. మామూలు మట్టి, కోకోపీట్ అసలు వద్దు. కుండీ పారదర్శకమైన ప్లాస్టిక్‌ది, చుట్టూ చిల్లులున్నది తీసుకోండి. ఇది షోకు కోసం కాదు, వేరు మీద స్పాంజిలాంటి పొర ఒకటి ఉంటుంది, తడిస్తే ఆకుపచ్చగా, ఆరితే వెండిరంగులో కనిపిస్తుంది. కుండీ పక్కనుంచి చూసి అన్నీ వెండిరంగుకి వచ్చాకే నీళ్లు పోయాలి. వారానికి ఒకసారి అనే లెక్క ఏప్రిల్‌లో సరిపోదు, ఆగస్టులో ఎక్కువైపోతుంది.

పొద్దున్నే కుండీని పది నిమిషాలు నీళ్లలో ఉంచి, పూర్తిగా ఓడ్చి పెట్టేయడమే నీళ్లు పోయడం. ఆకుల మధ్య మొవ్వలో చుక్క నిలిచినా దూదితో అద్ది తీసేయండి, అక్కడ కుళ్లితే మొక్క బతకడం కష్టం. బోరు నీళ్లతో కొన్నాళ్లకి ముక్కల మీద తెల్లటి పొర కడుతుంది, వాన నీళ్లు పట్టుకుంటే శ్రేష్ఠం, లేదంటే ఆర్‌ఓ నీళ్లు. ఆర్‌ఓ మెషీన్ వదిలేసే వేస్ట్ నీళ్లు మాత్రం పోయకండి, ఉప్పులన్నీ పోగయ్యేది వాటిలోనే.

ఎరువు గురించి పెద్దగా చెప్పక్కర్లేదు. నత్రజని, భాస్వరం, పొటాష్ సమానంగా ఉండే 19:19:19 ఎరువు లీటరు నీళ్లకి అర గ్రాము, కొత్త ఆకులు వేసే కాలంలో వారం పది రోజులకోసారి. పూలు తెప్పిస్తాయని అమ్మే బూస్టర్ స్ప్రేలకి డబ్బు పెట్టకండి, పూలు తెచ్చేది చలి.

అవును, చలే. గది 28 డిగ్రీలు దాటి ఉన్నంతకాలం ఫెలనాప్సిస్ ఆకులు వేస్తుంది తప్ప కాడ వేయదు, అలంకరణ కోసం పెంచే గ్రీన్‌హౌస్‌ల వాళ్లు కావాలనే అలా ఆపి ఉంచి, అమ్మకం తేదీ చూసుకుని చల్లబరుస్తారు. కొన్ని వారాలపాటు 25 కంటే కిందికి దిగితే లోపల కాడ మొదలవుతుంది. మన దగ్గర కార్తీకమాసం ఆ పని ఉచితంగా చేసిపెడుతుంది. దీపావళి అయ్యాక నేను మొక్కల్ని బాల్కనీలో, నేరుగా ఎండ తగలని చోటికి మారుస్తాను. డిసెంబరు, జనవరిలో హైదరాబాద్ రాత్రులు 15 కంటే దిగుతున్నప్పుడు మళ్లీ లోపలికి. విజయవాడ, కాకినాడ లాంటి చోట అంత చలి ఉండదు, అక్కడ సంక్రాంతి దాకా బయటే ఉంచొచ్చు. ఆకు కిందనుంచి ఏదో మొలిచినప్పుడు అది వేరో కాడో తెలియక టెన్షన్ పడతారు, కొన గుండ్రంగా నున్నగా ఉంటే వేరు, చదునుగా మొనదేలి ఉంటే కాడ. ఆ రోజు కలిగే సంతోషం మొదటిసారి కొన్నప్పటి పూలతో రాదు, నిజంగా!

కాడ వచ్చాక కుండీని అటూ ఇటూ తిప్పకండి, వెలుగు వైపుకి వరస కట్టాల్సిన మొగ్గలు మెలిపడతాయి. ఏసీ గాలి నేరుగా తగలకూడదు, పక్కన పండిన అరటిపళ్లు, మామిడిపళ్లు ఉండకూడదు, వాటినుంచి వచ్చే ఎథిలీన్ వాయువుకి మొగ్గలు పసుపురంగుకి తిరిగి రాలిపోతాయి. పిండినల్లి కనిపిస్తే ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌లో ముంచిన దూదితో తుడిచేస్తే పోతుంది, కానీ వారం తర్వాత ఇంకోసారి చూసుకోవాలి.

ఇవన్నీ ఫెలనాప్సిస్‌కే. మీ దగ్గరున్నది చెరకుగడలా కణుపులతో నిలబడే డెండ్రోబియం అయితే, పూసేసిన పాత గడల్ని పచ్చగా ఉన్నంతకాలం కోయకండి, కొత్త మొలకలకి తిండి వాటిలోనే దాగి ఉంటుంది, ఒక్కోసారి ఆకులు రాలిన గడ కూడా మళ్లీ పూస్తుంది.