తొమ్మిదేళ్లుగా చూస్తున్న రాక్ గార్డెన్: నా ఓటు గాజుల బొమ్మలకే

ఉద్యోగం వల్ల మొహాలీకి వచ్చి తొమ్మిదేళ్లయింది. ఊరి నుంచి ఎవరొచ్చినా చండీగఢ్ రాక్ గార్డెన్‌కి తీసుకెళ్లడం నా డ్యూటీ. జలపాతాలు, రాతిగోడలు ఫొటోల్లో అందరూ చూసినవే, వాటిని వదిలేస్తున్నా. నేను చెప్పాలనుకున్నది గాజుల బొమ్మల గురించే.

మొదట్లో వాటి ముందు నుంచి గబగబా నడిచి వెళ్లిపోయేవాణ్ణి. సిమెంటు బొమ్మలకు రంగులేశారనుకున్నా. ఒక చలికాలం అమ్మ వచ్చింది. అక్కడ టక్కున ఆగి, "ఒరేయ్, ఇవి మట్టిగాజులురా" అంది. అప్పుడు వంగి చూశాను. విరిగిన గాజు ముక్కలు సిమెంటులో పక్కపక్కనే గుచ్చి ఉన్నాయి, ఎరుపు ఒక వరస, ఆకుపచ్చ ఒక వరస, పావడా కుచ్చిళ్లలా. ముక్కముక్కకీ వంపు తెలుస్తోంది.

మా ఇంట్లో గాజు పగిలిందనకూడదు, పెరిగిందనాలి. ఆ ముక్కల్ని ఎవరూ తొక్కకుండా అమ్మ తులసి పాదులో వేస్తుంది. అలాంటి ముక్కలే ఒంటినిండా కట్టుకుని ఆడవాళ్లు బారులు తీరి నిలబడితే ఆవిడ పావుగంట కదల్లేదు. నేనేమో గైడులా మొదలుపెట్టాను: ఈ గార్డెన్ కట్టింది నేక్ చంద్, పీడబ్ల్యూడీలో (ప్రభుత్వ పనుల శాఖలో) రోడ్ ఇన్‌స్పెక్టర్, శిల్పం ఎవరి దగ్గరా నేర్చుకోలేదు, 1957 ప్రాంతంలో మొదలుపెట్టి 1975 దాకా ఎవరికీ తెలియకుండా అడవిలో చేశాడు, 1984లో పద్మశ్రీ వచ్చింది అని. "అవన్నీ సరే, ఈ ముక్కలు ఏరిందెవరు?" అంది. ఆయనే అన్నాను. కొత్త నగరం చండీగఢ్ కోసం పడగొట్టిన ఊళ్ల శిథిలాల్లోంచి, చెత్తలోంచి పనికొచ్చేవి ఏరి, డ్యూటీ అయ్యాక సైకిల్ మీద మోసుకొచ్చేవాడు. దేశ విభజనలో సొంత ఊరు వదిలేసి వచ్చిన మనిషి. అమ్మ మళ్లీ ఆ బొమ్మల వైపు తిరిగి చూసింది. ఇప్పుడు మా ఇంట్లో పెరిగిన గాజులు పాదులోకి పోవడం లేదు, హార్లిక్స్ సీసాలో చేరుతున్నాయి.

పెద్దవాళ్లనైనా హాయిగా తిప్పొచ్చని ఇదివరకు అందరికీ చెప్పేవాణ్ణి. ఆ మాట కొంచెం సవరించుకోవాలి. తల వంచి లోపలికి రావాలని ద్వారాలు కావాలనే కురచగా కట్టారు, మెట్లూ ఎత్తుపల్లాలూ ఎక్కువ. ఆ రోజు ఒక మెట్టు దగ్గర అమ్మ కాలు మడతపడింది, రెండు రోజులు మోకాలు వాచింది. పిల్లలకైతే బాగుంటుందని కూడా అనేవాణ్ణి, కానీ మావాడు బొమ్మల్ని పట్టించుకోకుండా నేరుగా ఉయ్యాలల దగ్గరికే పరిగెడతాడు. ఆదివారమైతే వెనకనుంచి తోసుకొచ్చే జనంలో ఆగి చూడటం కష్టం.

నాకు అరగంట దూరం కాబట్టి వారం మధ్యలో సెలవు పెట్టి పొద్దున్నే వెళ్లగలుగుతున్నా. హైదరాబాద్ నుంచి దీనికోసమే రావాలా అంటే గట్టిగా చెప్పలేను. సిమ్లాకో అమృత్‌సర్‌కో వెళ్తూ చండీగఢ్‌లో దిగితే మాత్రం ఒక పూట ఉంచుకోండి. మోకాళ్ల నొప్పులున్నవాళ్లు చేతికర్ర తెచ్చుకోండి.